మామగారి తెల్లకాగితం

నాగరికతకు గడియను మించిన ఆభరణం లేదు. చక్రాన్ని కనిపెట్టినవాడు మనిషిని నడిపించాడు. నిప్పును కనిపెట్టినవాడు వండిపెట్టాడు. కాని తలుపుకు లోపలివైపున గడియ బిగించిన ఆ అజ్ఞాత మహానుభావుడే మనిషికి అలిగే హక్కును శాశ్వతంగా ప్రసాదించాడు. గడియ లేని కాలంలో అలిగినవారందరూ అడవులు పట్టుకుపోవలసి వచ్చేది. తపస్సులు అంత విరివిగా జరగడానికి కారణం బహుశా అదే.

ఆ ఉదయం పళ్ళ మేస్త్రిగారు ఆ హక్కును సంపూర్ణంగా వినియోగించుకుంటున్నారు.

కట్టుడు పళ్ళు తయారయ్యే ఆ ఇంటి కింది అంతస్తులో ముందుది దుకాణం, నడిమిది పనిగది, వెనుకది ప్లాస్టర్ గది. నోళ్ళ అచ్చులు పోసేది ఆ వెనుక గదిలోనే. ప్లాస్టర్ బస్తాలు, ఒక కొళాయి, ఒక ముక్కాలి పీట, గోడల పొడుగునా బల్లలు, బల్లల మీద బారులు తీరిన తెల్లటి దవడలు. ఎవరి అచ్చునూ పారెయ్యరాదన్నది మేస్త్రిగారి సిద్ధాంతం. కనుక ఊళ్ళోని సగం మంది పెద్దమనుషులు ఆ గదిలో నోళ్ళు తెరుచుకుని, ఒక్క మాటైనా మాట్లాడకుండా కొలువుతీరి ఉంటారు. అలిగినవాడికి అంతకన్నా అనుకూలమైన సభ భూమి మీద దొరకదు.

"వినపడుతోందా? తలుపు తియ్యండి," అంది మేస్త్రిగారి భార్య, ఆ ఇంటి అత్తగారు, తలుపును అరచేత్తో బాదుతూ.

సభ మౌనం వహించింది.

"లోపల గాలాడదు. పొద్దుట్నుంచీ ఆ దుమ్ములో కూర్చుంటే మీ ఆయాసం ఏమవుతుందో మీకు తెలీదా?"

ఆవిడ తలుపు సందుకు చెవి ఆనించింది.

"పోనీ, టీ అన్నా తాగుతారా?"

"వద్దు," అంది తలుపు.

"హమ్మయ్య, మనిషి బాగానే ఉన్నాడు." అత్తగారు కొంగు దోపుకుని ఇటు తిరిగింది. "ఇక భయం లేదు. తిట్టొచ్చు."

పనిగదిలో ఇద్దరు ఉన్నారు. మేస్త్రిగారి ఒక్కగానొక్క కొడుకు, లిఫ్టుల మరమ్మతు చేసేవాడు, పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని, పనికి వెళ్ళడానికీ ధైర్యం చాలక, ఉండడానికీ ధైర్యం చాలక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతని భార్య, అంటే ఈ ఇంటి కోడలు, ఈ తుఫానుకు కేంద్రం, తన బల్ల దగ్గర కూర్చుని, నిన్ననే పూర్తయిన మైనపు పంటిచిగురును మళ్ళీ చెక్కుతోంది. ఇప్పటికి అది ఏ నోటికీ పట్టనంత అందంగా తయారైంది.

"ఇంకోసారి చదవరా," అంది అత్తగారు.

"ఎన్నిసార్లు చదివినా అదేనమ్మా."

"చదవమన్నానా?"

అతను ఫోను తీశాడు. "'మా విద్యార్థి వేతనానికి దరఖాస్తు చేసుకున్న మీ అభ్యర్థిని గురించి మీరు పంపిన సిఫారసు లేఖ అందింది. అయితే అందులో సంతకం తప్ప మరేమీ కనిపించడం లేదు. సాంకేతిక లోపం అయి ఉండవచ్చు. ఈ సాయంత్రం కార్యాలయం మూసేలోగా మళ్ళీ పంపగలరు.'"

"సాంకేతిక లోపమట! ఎంత మర్యాదస్తులో పాపం. ఆ లోపం మా ప్లాస్టర్ గదిలో గడియ వేసుకుని కూర్చుందని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అమ్మా, నాన్నకి వినపడుతుంది."

"వినపడాలనే. గోడలకి చెప్పుకోడానికి నాకేం, పనీ పాటా లేదా?"

అది సామాన్యమైన విద్యార్థి వేతనం కాదు. ప్రపంచం మొత్తాన్ని జల్లెడ పట్టి ఏటా పిడికెడు మందిని ఏరుకుని, సముద్రాల అవతల ఉన్న విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివిస్తారు. జబ్బు వల్లనో ప్రమాదం వల్లనో దవడ, ముక్కు, చెవి పోగొట్టుకున్నవారికి తిరిగి ముఖం తయారుచేసి ఇచ్చే విద్య అక్కడ నేర్పుతారు. పళ్ళు పేర్చే చేతులకు అది కైలాసశిఖరం వంటిది. వయోపరిమితి ఒకటి ఉంది. ఈ ఏడు తప్పితే కోడలు ఆ పరిమితికి అవతల పడుతుంది.

"డాక్టరుగారు రాసిచ్చారు," అంది అత్తగారు, తలుపుకు వినపడేంత గట్టిగా. "కాలేజీ మేడం రాసిచ్చింది. పరాయివాళ్ళు పేజీలు పేజీలు రాస్తే, ఇంట్లో మనిషి, పన్నెండేళ్ళు పక్క బల్ల మీద దీని పని చూసినాయన, ఒక్క ముక్క రాయలేదు. ఎందుకో నాకు తెలుసు."

"ఎందుకు?" అన్నాడు కొడుకు. ప్రశ్న వెయ్యకూడని చోట వెయ్యడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

"ఇది వెళ్ళిపోతే కింది పళ్ళు ఎవరు పేరుస్తారు? ఆయన చేతికి వణుకొచ్చింది. ఊరికి తెలీదేమో గాని నాకు తెలీదా? కుడిచెయ్యి ఎవరైనా కోసి ఇచ్చుకుంటారా?"

మైనం చెక్కే కత్తి ఆగింది. తలుపు వెనుక ముక్కాలి పీట కిర్రుమంది.

ఆ ఇంట్లో ఆ వణుకు గురించి అందరికీ తెలుసు. కాని దాని పేరు పైకి అన్నవారు అంతవరకు లేరు. అత్తగారికి కూడా, అన్న తరువాతే అన్నానని తెలిసింది. ఆవిడ బల్ల మీద లేని దుమ్మును కొంగుతో తుడవసాగింది.

"వదిలెయ్యండి అత్తయ్యా," అంది కోడలు, తలెత్తకుండా. "రాయకపోతే రాయలేదు. మామయ్య ఇష్టం."

"ఇష్టమేంటి? వచ్చే ఏడాదికి నీకు వయసు దాటిపోతుంది!"

"దాటితే దాటనివ్వండి."

ఈ మాటకు నిఘంటువులో ఒక అర్థం, ఇళ్ళలో మరొక అర్థం. అత్తగారు ఇంటి అర్థమే గ్రహించి నోరు మూసుకుంది. కాని ఆవిడ గ్రహించనిది ఒకటి ఉంది. అత్తగారి అనుమానం కన్నా కోడలి అనుమానం క్రూరమైనది. ఆయన స్వార్థంతో రాయలేదంటే సహించవచ్చు. రాయడానికి ఏమీ కనపడక రాయలేదేమో!

వీధి తలుపు భళ్ళున తెరుచుకుంది. మేస్త్రిగారి కూతురు రొప్పుతూ లోపలికి వచ్చింది.

"ఏమైంది? ఎక్కడున్నారు నాన్న? ఏ ఆస్పత్రి?"

"ఆస్పత్రేంటి?" అన్నాడు అన్న.

"అమ్మ ఫోన్లో 'మీ నాన్న లోపలే ఉండిపోయారు, పిలిస్తే పలకడం లేదు' అని పెట్టేసింది!"

"ఉన్నమాటే చెప్పాను. ప్లాస్టర్ గదిలో ఉండిపోయారు," అంది అత్తగారు.

"అమ్మా! నేను ఆఫీసులో మీటింగు మధ్యలోంచి ఏడుస్తూ వచ్చాను!"

"అలా చెప్పకపోతే వచ్చేదానివా?"

ఈ ఆడపడుచు ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. సబ్బుల మీద ఆమె రాసిన వాక్యాలు గోడల మీద, బస్సుల మీద, బస్సులు రాని చోట బడ్డీకొట్ల మీద ప్రకాశిస్తుంటాయి. ఆ కాలపు రచయితలలో ఆమె అంత విస్తృతంగా చదవబడినవారు, ఆమె అంత త్వరగా మరవబడినవారు లేరు. ఇటువంటి కష్టకాలంలో రాయబారానికి ఆమెను మించిన మనిషి లేదని ఇల్లంతా నమ్ముతుంది. ఆమె సంగతంతా విని, కళ్ళు తుడుచుకుని, తలుపు దగ్గరకు నడిచింది.

"నాన్నా, నేనొచ్చాను."

"ఎందుకొచ్చావ్? సబ్బులెవరమ్ముతారు?"

"ఒక్కరోజు లోకం మురికిగా ఉంటుంది, పర్లేదు. నాన్నా, ఒక్కటే అడుగుతాను. మీరు పంపింది ఖాళీ కాగితమట. నిజమేనా?"

"ఖాళీగా ఉండక? సంతకం పెట్టాను కదా కింద!"

"సంతకం ఒక్కటే ఉందట."

"మరింకేం కావాలి?" లోపల పీట దొర్లిన చప్పుడయింది. స్వరం తలుపు దగ్గరకు వచ్చింది. "ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నారు. ఈ దుకాణం మీద బతికారు, చదువుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఒక చీటీ చదవడం రాదా మీకు? పైగా పొద్దున్నుంచీ దొంగని చూసినట్టు చూడ్డం!"

ఆడపడుచు అన్నవైపు చూసింది. అన్న తల్లివైపు చూశాడు. తల్లి తలుపువైపు చూసింది.

కోడలు మాత్రం చేతిలోని కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టింది.

చీటీ అన్నది ఆ దుకాణపు రాజ్యాంగం. పళ్ళవరుస ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్ళేటప్పుడు దానితోపాటు ఒక చీటీ వెళుతుంది. పని చూసినవారు దానిమీద తప్పులు మాత్రమే రాయాలి. 'ఎడమ దవడపన్ను ఎత్తు', 'చిగురు దళసరి', 'కొరుకుడు కుదరలేదు', అంతే. బాగుంది అని రాయడం నిషిద్ధం. బాగున్నదాన్ని బాగుందనడం కాలహరణమని మేస్త్రిగారి తండ్రి శాసించి వెళ్ళారు. ఏ తప్పూ లేకపోతే చీటీ ఖాళీగా వదిలి కింద సంతకం పెడతారు. ఖాళీ చీటీ వచ్చిన పళ్ళవరుస నేరుగా మనిషి నోటికి వెళుతుంది. దాన్ని మించిన కిరీటం ఆ వృత్తిలో లేదు.

పన్నెండేళ్ళలో కోడలి పనికి ఆయన ఇచ్చిన చీటీలలో ఖాళీది ఒక్కటీ లేదు. వైద్యుల మహాసభలో అందరూ చేతులు మార్చి మార్చి చూసి మెచ్చుకున్న పళ్ళవరుసకు కూడా 'మెరుపు కొంచెం ఎక్కువ' అని చీటీ వచ్చింది.

ఆమె లేచి వెళ్ళి ఆడపడుచు పక్కన నిలబడింది.

"మామయ్యా."

ఆమె తలుపుకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"అది చీటీయా?"

"మరేమనుకున్నావ్?"

"నాకా?"

తలుపు కొంచెంసేపు ఆలోచించింది.

"నీకు కాక, ఆ లిఫ్టులవాడికా?"

లిఫ్టులవాడి మెదడు ఒక్కొక్క అంతస్తే పైకి వెళ్ళడం అందరికీ కనిపించింది.

"అంటే... ఖాళీ అంటే తప్పుల్లేవని... అంటే నాన్న..."

"నోర్ముయ్యరా. అర్థమైంది," అంది అత్తగారు.

గడియ తీసిన శబ్దం వినిపించింది. మేస్త్రిగారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. తలమీద, భుజాలమీద, కనుబొమలమీద తెల్లటి పొడి. చూడడానికి ఆ గదిలోని అచ్చులలో ఒకటి విసిగిపోయి లేచి వచ్చినట్టున్నారు.

"ఏడుస్తున్నావా అమ్మాయ్?"

"లేదు మామయ్యా. ప్లాస్టర్ దుమ్ము."

"దుమ్ము నా మీద ఉంటే నీ కళ్ళలో ఎలా పడింది?"

"మీరు తలుపు తీశారు కదా."

ఈ సమాధానాన్ని ఆయన కాసేపు పరిశీలించి, తప్పేమీ కనపడక, వదిలేశారు.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!" అంది అత్తగారు.

"ఎవరడిగారు? అడిగావా నువ్వు? పక్క మీంచి లేవగానే మొదలుపెట్టావ్."

"అడక్కపోతే చెప్పరా? ఇన్నాళ్ళు కాపురం చేశాను, నాకైనా చెప్పాలనిపించదా?"

"చేసింది కాపురమేగా. పని నేర్చుకోలేదుగా."

ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళింది. క్షమాపణ అడగడం ఆవిడ వంశంలో లేదు. కాని ఆ రోజు ఆయన టీలో చక్కెర మామూలు కన్నా ఎక్కువ పడింది. ఆయన తాగి, ఎక్కువైందని అనకపోవడమే ఆ సంధిపత్రం మీద రెండో సంతకం.

అందరికీ ప్రాణం లేచి వచ్చింది. అయితే లేచి వచ్చిన ప్రాణం కుదురుగా కూర్చోకముందే ఆడపడుచు గడియారం చూసింది.

"అంతా బాగానే ఉంది గాని, అక్కడ కూర్చున్నవాళ్ళకి మన చీటీల సంగతి తెలీదుగా. సాయంత్రంలోగా ఏదో ఒకటి రాసి పంపాలి. నాన్నా, ఒక్క పేజీ."

"తప్పులేనిదాని మీద ఏం రాస్తారు?"

"పొగడాలి నాన్నా."

"పొగిడితే పని చెడుతుంది."

"అక్కడ పొగడకపోతేనే చెడుతుంది!"

ఆయన మొహం చూస్తే, వీధిలో చొక్కా విప్పమన్నంత సంకటంలో ఉన్నారు. ఆడపడుచు సంచీలోంచి కలం తీసి, కుర్చీ లాక్కుంది. "పోనీ, నేను రాస్తాను. మీరు సంతకం పెట్టండి. 'ఆమె వేళ్ళలో వెన్నెల ఉంది.' ఎలా ఉంది?"

"వేళ్ళలో ఉండాల్సింది నిబ్బరం. వెన్నెలతో పన్ను నిలబడుతుందా?"

"సరే. 'మా ఊరి ప్రతి చిరునవ్వు వెనుకా ఆమె ఉంది.'"

"చిరునవ్వు వెనుక ఉండేది అంగిలి."

"నాన్నా!"

"అబద్ధం రాస్తే నేను సంతకం పెట్టను. ఇదేమన్నా సబ్బా, ఒకసారి వాడి చూడండి అనడానికి?"

"నేను రాయనా?" అన్నాడు కొడుకు. ఎవరూ వద్దనకపోవడంతో ధైర్యం వచ్చి, ఒక కాగితం మీద చకచకా గీకి చదివాడు. "'పరీక్షించాను. అన్ని భాగాలూ సక్రమంగా పనిచేస్తున్నాయి. వినియోగానికి సురక్షితం. ఏడాదికొకసారి తనిఖీ అవసరం.'"

కోడలు ఆ ఉదయం మొదటిసారి నవ్వింది. "ఏడాదికొకసారి తనిఖీకి అక్కడికెవరొస్తారు?"

"నేనే వస్తాను. వేరేవాళ్ళు చేస్తే గ్యారంటీ పోతుంది."

"సిగ్గులేకపోతే సరి, పెద్దవాళ్ళ ముందు," అంది అత్తగారు. కాని ఆవిడ కూడా నవ్వుతోంది. భోజనాల వేళ దాటిపోయింది. రాసిన కాగితాలన్నీ ఉండలై నేల మీద దొర్లుతున్నాయి. ఇద్దరు రాసి, ఒకరు కొట్టేసి, ఆ పరిషత్తు ఏ తీర్మానమూ చేయలేకపోయింది.

చివరికి అత్తగారు కప్పులు ఏరుతూ, తలతిప్పకుండా అంది: "పొగడ్డం చేతకాకపోతే తిట్టండి. అది వచ్చుగా మీకు. దీని తప్పులేంటో అవే రాయండి."

మేస్త్రిగారు తలెత్తారు. ఎడారిలో దారి తప్పినవాడికి తన ఇంటి వీధి కనిపించినట్టు ఆయన మొహం వికసించింది.

"కాగితం ఇలా ఇవ్వండి."

"నేను టైపు చేస్తాను, చెప్పండి నాన్నా. మీ చెయ్యి..." ఆడపడుచు ఆగిపోయింది.

"నా చెయ్యి నా దగ్గరే ఉంది," అన్నారాయన.

తన బల్ల దగ్గర కూర్చుని, మోచేతిని గట్టిగా ఆనించి, పంటి బిగువున రాయడం మొదలుపెట్టారు. మిగిలిన నలుగురూ నాలుగు పనులు కల్పించుకుని, ఒక్క పనీ చేయకుండా, ఆయన కలం ఆగినప్పుడల్లా ఊపిరి ఆపారు. ఆయన ఒకటిరెండు చోట్ల ఆగారు. ఒకచోట చాలాసేపు ఆగారు. తరువాత సంతకం చేసి, కాగితం కూతురికి ఇవ్వకుండా కోడలి ముందు పెట్టారు.

"చీటీ ముందు పని చేసినవాళ్ళు చూడాలి. అది పద్ధతి."

అక్షరాలు వంకరటింకరగా, గాలిలో నడిచినట్టు ఉన్నాయి. కోడలు చదివింది.

"అయ్యా,

ఈమె నా కోడలు. నేను ఆ సంగతి మరిచిపోయి రాస్తున్నాను. మీరు కూడా మరిచిపోయి చదవాలి.

ఈమె తప్పులు ఇవి. పనిలో ఉంటే పిలిచినా పలకదు. మెరుగు పెట్టేటప్పుడు అవసరానికి మించిన ఓపిక చూపిస్తుంది. చేరిన కొత్తలో మైనం చాలా వృథా చేసింది. ఇప్పుడు చేయడం లేదు; కాని చేసింది కనుక రాస్తున్నాను.

తప్పు చూపిస్తే ఒప్పుకోదు. ఒక బస్సు కండక్టరుకు పై వరుస పేర్చినప్పుడు ముందు పన్ను వంకరగా పెట్టింది. 'ముందు పన్ను వంకర' అని చీటీ రాసి వెనక్కి పంపాను. సరిచేయకుండా తిప్పి పంపింది. మళ్ళీ రాశాను. మళ్ళీ పంపింది. పిలిచి అడిగితే, ఆయన పాత ఫోటోలో ఆ పన్ను వంకరగానే ఉందని చెప్పింది. కండక్టరు ఆ పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. తరువాత మా దుకాణంలోంచే ఇంటికి ఫోను చేసి, భార్యతో 'నేను వచ్చేశానే' అన్నాడు. ఆ పన్ను ఇప్పటికీ వంకరే.

నా చేతికి వణుకు వచ్చింది. అది వచ్చిన నాటి నుంచి మా దుకాణం పేరుతో బయటికి వెళ్ళిన సన్నపని అంతా ఈమెది. తేడా ఎవరూ పట్టలేదు. ఆ పనికి నా పేరు చెప్పుకుంటుంటే ఈమె ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు. అది కూడా తప్పే.

ఇంతకు మించి నాకు తప్పులు కనపడలేదు. కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి."

కోడలు కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఏదో అనాలి. అనడానికి ఆమె దగ్గర చాలా మాటలు ఉన్నాయి. అన్నీ ఒకేసారి గుమ్మం దగ్గరకు వచ్చి ఇరుక్కుపోయాయి.

"మైనం నేను వృథా చెయ్యలేదు మామయ్యా," అంది చివరికి. "ఆ మైనమే బాగుండేది కాదు. అప్పట్లో మీరే చౌకది తెచ్చేవారు."

"చూశారా?" మేస్త్రిగారు అందరివైపూ తిరిగి చెయ్యి చాపారు. "చూశారా? రాశానా లేదా? తప్పు చూపిస్తే ఒప్పుకోదు!"

ఆడపడుచు కాగితం తీసుకుని ముక్కు ఎగబీల్చింది. ఆ విశ్వవిద్యాలయం వారి భాషలోకి దాన్ని మార్చే పని ఆమెది. "నాన్నా, ఆ మొదటి వాక్యం తీసేద్దామా? కోడలు అని చెప్పడం ఎందుకు? మేస్త్రినని రాస్తే చాలుగా."

"ఉన్నది ఉన్నట్టు పంపు. దాచి రాస్తే అది దొంగచీటీ."

ఆమె ఉన్నది ఉన్నట్టే మార్చింది. ఒక్క విశేషణం కూడా చేర్చలేదు. ఆమె వృత్తిజీవితంలో అంతటి త్యాగం అంతకుముందు జరగలేదు. పోయినసారి చదవకుండానే పంపిన లిఫ్టులవాడు లేఖను స్కాన్ చేసి, ఈసారి అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి, అక్షరాలు ఉన్నాయని నిర్ధారించుకుని, పంపాడు.

తరువాత అందరూ ఆలస్యంగా భోజనానికి కూర్చున్నారు. భయం తీరిన ఇంట్లో ఆకలికి అడ్డూ ఆపూ ఉండదు.

"మామయ్యా," అంది కోడలు, కంచంలోకి చూస్తూ. "ఒకవేళ వాళ్ళు రమ్మంటే... కింది పళ్ళు?"

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అన్నారు. కట్టించుకోడానికి మాత్రం మన దుకాణమే కావాలని ఎవరన్నారు? వీధి చివర ఇంకొకడున్నాడుగా."

"వాడు కట్టిన పళ్ళతో అరటిపండు కూడా కొరకలేరు!" అంది అత్తగారు.

"అయితే ఊళ్ళోవాళ్ళు రెండేళ్ళు మెత్తగా తింటారు. ఆరోగ్యం."

నవ్వులో కోడలికి పొలమారింది. అత్తగారు నెత్తిమీద తడుతూ, "నిదానంగా తిను. ఎక్కడికీ పోవట్లేదు," అని, తను అన్నది తనకే వినపడి, "ఇవాళ," అని చేర్చింది.

సాయంత్రపు ఎండ దుకాణం అద్దం మీద వాలుతున్న వేళ ఫోను మోగింది. ఐదుగురూ ఒకేసారి లేచారు. మేస్త్రిగారు అందరికన్నా ముందు లేచి, అందరికన్నా ముందు లేచినట్టు కనపడకూడదని మళ్ళీ కూర్చున్నారు.

"వచ్చింది," అన్నాడు కొడుకు. "'మీరు పంపిన లేఖ సకాలంలో అందింది. అభ్యర్థిని దరఖాస్తు సంపూర్ణంగా ఉంది. రేపు ఎంపిక సంఘం ముందుకు వెళుతుంది.'"

అత్తగారు కోడలిని కావిలించుకుంది. ఆడపడుచు ఇద్దరినీ కలిపి కావిలించుకుంది. మేస్త్రిగారు గొంతు సవరించుకుని, ఎవరూ అడగకపోయినా, ఆ సంఘంలో పని తెలిసినవాడు ఒక్కడున్నా ఆ కండక్టరు పన్ను దగ్గర ఆగిపోతాడని, అక్కడ ఆగినవాడు ఇక వెనక్కి పోలేడని, గంభీరంగా ప్రకటించారు. అది ఆయన జీవితంలో చేసిన మొదటి స్వోత్కర్ష. దానికి తగినట్టు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కింద ఇంకో గమనిక ఉంది," అన్నాడు కొడుకు, తెరను వేలితో పైకి జరుపుతూ.

"చదవరా, చదువు!"

అతను ముందు తనలో తాను చదువుకున్నాడు. తండ్రివైపు చూశాడు. తండ్రి చదవమన్నట్టు తల ఊపారు.

"'డాక్టరుగారు, అధ్యాపకురాలు పంపిన రెండు లేఖలతోనే ఈ దరఖాస్తు పోయిన వారమే సంపూర్ణమైంది. మూడో లేఖ తప్పనిసరి కాదు; మీరు ఆమెకు మామగారని మీ లేఖ మొదటి వాక్యం వల్లనే మాకు తెలిసింది. బంధువులు రాసిన సిఫారసులను సంఘం చదవదు.'"